బస్తాలో రాళ్ళున్నాయా, కాటా తప్పా? గెలాక్సీల తిరుగుడు, డార్క్ మ్యాటర్, మాండ్

బీఎస్సీ ఫిజిక్స్ చివరి ఏడాది చదువుతున్న ఒకరి ప్రశ్న ఇది: "గెలాక్సీ అంచుల్లోని నక్షత్రాలు ఉండాల్సినదానికన్నా వేగంగా తిరుగుతున్నాయి కాబట్టి డార్క్ మ్యాటర్ ఉందంటారు. ఎన్నేళ్ళు వెతికినా అది దొరకలేదు. గురుత్వాకర్షణ సూత్రాన్నే కొంచెం మారిస్తే డార్క్ మ్యాటర్ అక్కర్లేదని ఒక వీడియోలో చెప్పారు. నిజమేనా సార్? నిజమైతే సైంటిస్టులు ఎందుకు ఒప్పుకోరు?"

ముందు సూటిగా జవాబు. గెలాక్సీల తిరుగుడు వరకే అయితే, అవును, డార్క్ మ్యాటర్ (కంటికి కనిపించకుండా ఆకర్షణ మాత్రం చూపే పదార్థం) లేకుండానే లెక్క కుదురుతుంది. చాలా గెలాక్సీల్లో డార్క్ మ్యాటర్ లెక్కకన్నా తక్కువ సర్దుబాట్లతో కుదురుతుంది. గెలాక్సీ గడప దాటి బయటికి వస్తే మాత్రం కుదరదు. వీడియోలు సాధారణంగా మొదటి సగం దగ్గరే ఆగిపోతాయి. పాఠ్యపుస్తకాలేమో ఆ మొదటి సగాన్ని అసలు ఎత్తవు. రెండూ తప్పే అని నా అభిప్రాయం.

నా సంగతి ఒక్క మాట. పీహెచ్‌డీ రోజుల్లో నాలుగేళ్ళు చిన్న గెలాక్సీల హైడ్రోజన్ మీద పనిచేశాను. పుణె దగ్గర ఖోడద్‌లో ఉన్న జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోపు డేటాతో. ఒక్కొక్కటి 45 మీటర్ల వెడల్పున్న 30 డిష్‌లు, ద్రాక్షతోటల మధ్య. ఆ తర్వాత ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. కాబట్టి ఈ రొటేషన్ కర్వ్, అంటే కేంద్రం నుంచి దూరం పోయేకొద్దీ తిరిగే వేగం ఎలా మారుతుందో చూపే గ్రాఫు, ఎలా తయారవుతుందో చేత్తో చేసి చూసినవాణ్ణి. అక్కణ్ణుంచే మొదలుపెడతాను. ఎందుకంటే ఈ వాదనలు చేసేవాళ్ళలో చాలామంది ఆ గ్రాఫులోని చుక్కలు ఆకాశం నుంచి నేరుగా ఊడిపడ్డాయనుకుంటారు.

గెలాక్సీలో నక్షత్రాలు ఉన్నచోటును దాటి చాలా దూరం వరకు హైడ్రోజన్ వాయువు పరుచుకుని ఉంటుంది. అది 21 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, అంటే 1420.4 మెగాహెర్ట్జ్ దగ్గర, సన్నని రేడియో గీతను ఇస్తుంది. వాయువు మన వైపు వస్తుంటే ఆ పౌనఃపున్యం కాస్త పెరుగుతుంది, దూరంగా పోతుంటే తగ్గుతుంది. సెకనుకు 100 కిలోమీటర్ల వేగానికి ఆ తేడా 0.47 మెగాహెర్ట్జ్. గెలాక్సీ ఒక పక్క మన వైపు వస్తూ, రెండో పక్క మన నుంచి పోతూ ఉంటుంది కాబట్టి, మధ్య నుంచి అంచు దాకా ఒక్కోచోట ఎంత జరుగుదల ఉందో కొలిస్తే తిరిగే వేగం తెలుస్తుంది.

ఇక్కడే ఒక మెలిక ఉంది. మనకు కనిపించేది చూపు వెంబడి వచ్చే వేగం మాత్రమే. గెలాక్సీ పళ్ళెం మనకు ఎంత వాలుగా కనిపిస్తోందో తెలిస్తే తప్ప అసలు వేగం రాదు. చూసిన వేగాన్ని ఆ వాలు కోణపు సైన్‌తో భాగించాలి. నిట్టనిలువుగా అంచు కనిపించే గెలాక్సీ అయితే చిక్కు లేదు. పళ్ళెం మన వైపు తిరిగి ఉంటే మాత్రం ఏడిపిస్తుంది. వాలు 30 డిగ్రీలనుకున్నది నిజానికి 25 డిగ్రీలైతే వేగం 18 శాతం మారిపోతుంది. కింద చెప్పబోయే సూత్రంలో వేగానికి నాలుగో ఘాతం వస్తుంది. అంటే 5 డిగ్రీల పొరపాటుతో ద్రవ్యరాశి దాదాపు రెట్టింపు అవుతుంది. నా థీసిస్‌లో ఒక మరుగుజ్జు గెలాక్సీ ఇలాగే ఆరు నెలలు తినేసింది. "ఫలానా గెలాక్సీ ఫలానా సిద్ధాంతాన్ని చంపేసింది" అన్న వార్త కనిపిస్తే నేను మొట్టమొదట చూసేది ఆ గెలాక్సీ వాలు ఎంత, దూరం ఎంత అనే. మీరూ అలవాటు చేసుకోండి.

సరే, ఇలా కొలిస్తే ఏం కనిపించింది? సౌరకుటుంబంలో బరువంతా మధ్యలో సూర్యుడి దగ్గరే ఉంది. కాబట్టి దూరం పెరిగేకొద్దీ వేగం తగ్గాలి, దూరం వర్గమూలానికి విలోమంగా. భూమి సెకనుకు 30 కిలోమీటర్ల చొప్పున తిరుగుతుంటే, 30 రెట్ల దూరంలో ఉన్న నెప్ట్యూన్ 5.4 కిలోమీటర్లతో తిరుగుతుంది. గెలాక్సీలో వెలుతురు అంతా నడిమి భాగంలోనే గుమిగూడి ఉంటుంది కాబట్టి అంచుల్లోనూ అలాగే తగ్గుతుందనుకున్నారు. తగ్గలేదు. వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ 1970లో ఆండ్రోమెడా మీద ఇది చూపించారు. 1980లో ఇంకో 21 గెలాక్సీలతో వాళ్ళ బృందం మళ్ళీ చూపించింది. మధ్యలో 1978లో ఆల్బర్ట్ బోస్మా తన థీసిస్‌లో నెదర్లాండ్స్‌లోని వెస్టర్‌బోర్క్ రేడియో టెలిస్కోపుతో నక్షత్రాలు అయిపోయినచోటు దాటి, హైడ్రోజన్ అంచుల దాకా వెళ్ళి చూశాడు. అక్కడా వేగం పడిపోలేదు. వార్తల్లో రూబిన్ పేరే ఎక్కువ వినిపిస్తుంది, ఆమె దానికి అర్హురాలే. కానీ మా రేడియోవాళ్ళ దృష్టిలో అసలు మేకు కొట్టింది బోస్మా గ్రాఫులే.

ఇప్పుడు కాటా సంగతి. మాది గుంటూరు వైపు. యార్డులో మిరపకాయల బస్తా కాటా మీద పెడితే ఉండాల్సిన దానికి అయిదు రెట్లు తూగిందనుకోండి. రెండే దారులు. బస్తాలో రాళ్ళున్నాయి, లేదా కాటా తప్పు. రాళ్ళున్నాయి అనడం డార్క్ మ్యాటర్. కాటా తప్పు అనడం గురుత్వాకర్షణ సూత్రాన్ని మార్చడం. ఒక్క బస్తాను చూసి ఏదీ తేల్చలేం. వంద బస్తాలు తూచినప్పుడు, ఏ రైతు తెచ్చినా, ఏ ఊరి నుంచి వచ్చినా, కాయలు ఇంత ఉంటే ఎక్కువ బరువు కచ్చితంగా ఇంత అని ఒకే పట్టికలో ఇమిడిపోతే అప్పుడు కాటా మీద అనుమానం రాక మానదు. రాళ్ళు కలిపేవాడు అంత లెక్కగా కలపడు కదా!

ఇజ్రాయెల్‌కి చెందిన మొర్దహాయ్ మిల్‌గ్రోమ్ 1983లో ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌లో వెంటవెంటనే మూడు వ్యాసాలు ప్రచురించాడు. ఆయన ఊహ పేరు మాండ్. మోడిఫైడ్ న్యూటోనియన్ డైనమిక్స్ అన్న మాటల్లోని మొదటి అక్షరాలు. తేడా దూరాన్ని బట్టి వస్తుందనుకున్నవాళ్ళు అప్పటికే ఉన్నారు, అది కుదరలేదు. కొన్ని గెలాక్సీల్లో తేడా బాగా లోపలే మొదలవుతుంది, కొన్నింటిలో చాలా బయట. మిల్‌గ్రోమ్ దూరాన్ని వదిలేసి త్వరణాన్ని పట్టుకున్నాడు. త్వరణం ఒక హద్దుకన్నా బాగా ఎక్కువగా ఉన్నచోట న్యూటన్ చెప్పిందే నిజం. ఆ హద్దుకన్నా బాగా తక్కువైతే, అసలు త్వరణం న్యూటన్ లెక్కకన్నా ఎక్కువగా ఉంటుంది: న్యూటన్ త్వరణాన్నీ ఆ హద్దునూ గుణించి వర్గమూలం తీస్తే వచ్చేది. ఆ హద్దును ఎ-నాట్ అంటారు. విలువ 1.2×10⁻¹⁰ మీటర్లు, సెకను వర్గానికి.

ఈ అంకె ఎంత చిన్నదో ఒంటికి తెలియాలంటే: ఆగి ఉన్న ఆటోను ఈ త్వరణంతో నడిపితే గంటకు 60 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి సుమారు 4,400 ఏళ్ళు పడుతుంది. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే త్వరణం దీనికి దాదాపు 5 కోట్ల రెట్లు. సూర్యుడి ఆకర్షణ ఈ స్థాయికి పడిపోవాలంటే భూమి-సూర్యుడి మధ్య దూరానికి 7,000 రెట్లు బయటికి పోవాలి. నెప్ట్యూన్ 30 రెట్ల దగ్గరే ఉంది. కాబట్టి "ఉపగ్రహాలు న్యూటన్ లెక్క ప్రకారమే పోతున్నాయి కదా, మాండ్ ఎలా నిజమవుతుంది?" అన్న వాదన చెల్లదు. అదే మన సూర్యుడు గెలాక్సీ కేంద్రం చుట్టూ తిరిగే త్వరణం ఎంతో లెక్కేయండి. వేగం సెకనుకు సుమారు 230 కిలోమీటర్లు, దూరం 26 వేల కాంతి సంవత్సరాలు. వర్గం చేసి భాగిస్తే 2.1×10⁻¹⁰. అంటే ఎ-నాట్‌కి రెండింతలు కూడా లేదు. మనం సరిగ్గా ఆ హద్దు దగ్గరే కాపురముంటున్నాం.

ఇప్పుడు కాగితం మీద ఒక చిన్న పని చేయండి. గుండ్రంగా తిరిగే వస్తువు త్వరణం, వేగం వర్గం బై దూరం. న్యూటన్ త్వరణం, జి (గురుత్వ స్థిరాంకం) ఇంటూ ద్రవ్యరాశి బై దూరం వర్గం. దీన్ని ఎ-నాట్‌తో గుణించి వర్గమూలం తీయండి. హారంలో దూరం వర్గం కాస్తా ఉత్త దూరమైపోతుంది. ఎడమ వైపు హారంలోనూ దూరమే ఉంది. రెండూ కొట్టుకుపోతాయి! మిగిలేది: వేగం నాలుగో ఘాతం = జి × ద్రవ్యరాశి × ఎ-నాట్. దూరం అన్న మాటే లేదు. అంటే అంచుల్లో ఎంత దూరం పోయినా వేగం ఒక్కటే. చదునైన రొటేషన్ కర్వ్ దానంతటదే వచ్చేసింది. నేను మొదటిసారి ఇది చేసినప్పుడు హాస్టల్ గదిలో లేచి అటూ ఇటూ తిరిగాను. మా గైడ్ మాత్రం "ఊఁ, బావుంది, క్లస్టర్లు చెయ్యి" అన్నారు. క్లస్టర్లంటే గెలాక్సీల గుంపులు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

అంకెలు పెట్టి చూద్దాం. వేగం సెకనుకు 200 కిలోమీటర్లయితే ద్రవ్యరాశి 2×10⁴¹ కిలోలు వస్తుంది, అంటే 10 వేల కోట్ల సూర్యులు. పెద్ద సర్పిలాకార గెలాక్సీలో నక్షత్రాలు, వాయువు కలిపి ఉండేది ఈ మాత్రమే. వేగం సగమైతే ద్రవ్యరాశి 16 వంతుల్లో ఒక వంతు. ఇలాంటి ఘాతపు సంబంధం ఉందని 1977లోనే బ్రెంట్ టల్లీ, రిచర్డ్ ఫిషర్ వెలుతురుకూ వేగానికీ మధ్య గమనించారు. తర్వాత 2000లో స్టేసీ మెక్‌గా బృందం వెలుతురు బదులు నక్షత్రాలూ వాయువూ కలిపిన మొత్తం ద్రవ్యరాశిని పెడితే ఆ గీత ఇంకా సన్నబడుతుందని చూపించింది. మెక్‌గా మొదట్లో డార్క్ మ్యాటర్ పక్షంవాడే. మసకగా ఉండే గెలాక్సీలు తన లెక్కకు లొంగక, 1983లోనే మిల్‌గ్రోమ్ చెప్పిపెట్టినట్టు ప్రవర్తించడం చూసి ఇటు తిరిగాడు.

ఈ మసక గెలాక్సీలే అసలు పరీక్ష. వాటిలో ద్రవ్యం పలచగా పరుచుకుని ఉంటుంది కాబట్టి త్వరణం అన్నిచోట్లా ఎ-నాట్ కన్నా తక్కువ. ఎన్‌జీసీ 1560 అని ఒకటుంది. దాని వాయువు పరుపులో ఒకచోట చిన్న గుంట. సరిగ్గా అక్కడే రొటేషన్ కర్వ్‌లోనూ చిన్న సొట్ట. న్యూటన్ లెక్క ప్రకారం ఆ ప్రాంతంలో లాగుతున్నది ఎక్కువగా డార్క్ మ్యాటర్. అది నున్నటి గోళంలా పరుచుకుని ఉంటుంది. మరి ఆ కాస్త వాయువు గుంట మొత్తం కర్వ్‌ని ఎలా వంచింది? మాండ్ గీతలో ఆ సొట్ట తనంతట తనే వచ్చేస్తుంది. వెలుతురులో ఎక్కడ ఒంపు ఉంటే వేగంలోనూ అక్కడ ఒంపు ఉంటుందన్న దాన్ని రెంజో సాన్సిసీ పేరు మీద రెంజో నియమం అంటారు.

2016లో మెక్‌గా, లెల్లీ, షోంబర్ట్ కలిసి 153 గెలాక్సీలు, 2,693 బిందువులు ఒకే గ్రాఫు మీద పెట్టారు. అడ్డంగా కనిపించే పదార్థం నుంచి లెక్కగట్టిన త్వరణం, నిలువుగా నిజంగా కొలిచిన త్వరణం. పెద్దవీ, మరుగుజ్జులూ, వాయువు నిండినవీ, నక్షత్రాలు నిండినవీ అన్నీ ఒకే సన్నని గీత మీద వరసకట్టాయి. ఉన్న కాస్త చెదురులో ఎక్కువ భాగం కొలతల్లోని పొరపాట్లతోనే సరిపోతుంది. ఇది సిద్ధాంతం కాదు, పరిశీలన. డార్క్ మ్యాటర్‌ని నమ్మేవాళ్ళు కూడా దీనికి జవాబు చెప్పాల్సిందే. చెబుతున్నారు కూడా. కంప్యూటర్లో గెలాక్సీలను పుట్టించి చూస్తే అలాంటి గీతే వస్తుందని 2017 నుంచి కొన్ని బృందాలు చూపించాయి. గీత వస్తుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ సిమ్యులేషన్లలో సూపర్‌నోవాలు వాయువును ఎంత బలంగా తోస్తాయన్నది మనం సర్దే అంకె. ముప్ఫై ఏళ్ళ ముందే చెప్పడం ఒక ఎత్తు, జరిగాక సరిపుచ్చడం ఒక ఎత్తు.

ముందే చెప్పడానికి ఇంకో ఉదాహరణ క్రేటర్ 2. మన పాలపుంతకు ఉపగ్రహంలా ఉన్న మరుగుజ్జు గెలాక్సీ, 2016లో బయటపడింది. దాని నక్షత్రాల వేగాల్లో చెదురు సెకనుకు 2.1 కిలోమీటర్లు ఉంటుందని మెక్‌గా కొలతకు ముందే రాసి ప్రచురించాడు. 2017లో కొలిస్తే 2.7 వచ్చింది, పొరపాటు హద్దుల్లోనే. ఈ లెక్కలో మాండ్‌కే ప్రత్యేకమైన ఒక వింత ఉంది: చిన్న గెలాక్సీ లోపలి తిరుగుడు పక్కనున్న పెద్ద గెలాక్సీ ఆకర్షణ మీద కూడా ఆధారపడుతుంది. న్యూటన్ దగ్గర ఇది కుదరదు. పడుతున్న లిఫ్టులో ఉన్నవాడికి బయటి ఆకర్షణ తెలియదు. మాండ్‌లో తెలుస్తుంది. దీన్ని బాహ్యక్షేత్ర ప్రభావం అంటారు.

మీ ప్రశ్నలో లేకపోయినా, వ్యాఖ్యల్లో తరచూ వచ్చే రెండు మాటలు ఇక్కడే తీసిపారేస్తాను. ఒకటి, "ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్షతను సరిగ్గా వాడితే చాలు, డార్క్ మ్యాటరూ వద్దు మాండూ వద్దు" అన్నది. గెలాక్సీలో సాపేక్షత తెచ్చే సవరణ వేగం బై కాంతివేగం, దాని వర్గం. 200ని 3 లక్షలతో భాగించి వర్గం చేస్తే కోటికి నాలుగు వంతులు. మనకు కావాల్సింది రెట్లలో. రెండు, అయస్కాంత క్షేత్రాలు. అవి వాయువును కాస్త కదిలించవచ్చుగానీ సూర్యుడంత నక్షత్రాన్ని కక్ష్యలో కట్టిపడేయలేవు. నక్షత్రాలూ వాయువూ ఒకేలా తిరుగుతున్నాయి.

ఇప్పుడు మా గైడ్ అన్న క్లస్టర్లు. ఇక్కణ్ణుంచి కథ అడ్డం తిరుగుతుంది.

డార్క్ మ్యాటర్ కథ గెలాక్సీల తిరుగుడుతో మొదలవలేదు. 1933లో ఫ్రిట్జ్ జ్వికీ కోమా క్లస్టర్‌లోని గెలాక్సీల వేగాలు చూసి, కనిపించే ద్రవ్యంతో ఇవి కలిసి ఉండలేవు, చెదిరిపోవాలి అన్నాడు. క్లస్టర్లలో నక్షత్రాలకన్నా వేడి వాయువే ఎక్కువని తర్వాత ఎక్స్-రేలతో తెలిసింది. ఆ వాయువునంతా కలుపుకుని, మాండ్ సూత్రాన్ని పెట్టి లెక్క చేస్తే? లోటు తగ్గుతుంది, పోదు. ఇంకా సుమారు రెండింతల ద్రవ్యం కావాల్సి వస్తుంది. కాటా సరిచేశాక కూడా పెద్ద బస్తాలు బరువుగానే తూగాయన్నమాట. మాండ్ పక్షంవాళ్ళూ దీన్ని దాచరు. ఆ మిగిలినది న్యూట్రినోలేమో (దేనికీ దాదాపు తగలకుండా దూసుకుపోయే అతి తేలిక కణాలు) అని బాబ్ శాండర్స్ ప్రతిపాదించాడు. దానికి ఒక్కో న్యూట్రినో బరువు 2 ఎలక్ట్రాన్-వోల్టుల దాకా ఉండాలి. జర్మనీలోని కాట్రిన్ ప్రయోగం 2022లో 0.8 కన్నా ఎక్కువ ఉండదని తేల్చింది. ఆ దారి మూసుకుపోయింది. ఇంకా కనిపించని మరో రకం న్యూట్రినో అంటున్నారు. అంటే మళ్ళీ డార్క్ మ్యాటరే, పేరు మార్చి.

బుల్లెట్ క్లస్టర్ గురించి వీడియోల్లో విని ఉంటారు. కారీనా నక్షత్రరాశిలో, సుమారు 370 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, రెండు క్లస్టర్లు ఒకదానిలోంచి ఒకటి దూసుకుపోయాయి. గెలాక్సీల మధ్య బోలెడు ఖాళీ కాబట్టి అవి తగలకుండా దాటిపోయాయి. వాయువు మాత్రం ఢీకొని మధ్యలో చిక్కుకుపోయింది. మామూలు ద్రవ్యంలో సింహభాగం ఆ వాయువే. కాబట్టి ఆకర్షణ అంతా మధ్యలో ఉండాలి. 2006లో డగ్లస్ క్లో బృందం వెనకనున్న గెలాక్సీల కాంతి ఎటు వంగుతోందో చూసి ఆకర్షణ పటం గీస్తే, బరువు వాయువు దగ్గర కాకుండా గెలాక్సీల దగ్గర కనిపించింది. కాటా తప్పయితే, కాయలున్న చోటే కదా బరువు ఎక్కువగా చూపించాలి? కాయల్లేని పక్క చూపిస్తే ఏమనాలి? మాండ్‌ని కాపాడడానికి దీనిమీద చాలా రాశారు. ఆ రెండు క్లస్టర్లు ఢీకొన్న వేగం డార్క్ మ్యాటర్ లెక్కకు కూడా అంత సులువుగా రాదని ఎదురు వాదించారు. ఆ వాదనలో కొంత పస ఉందిగానీ పటాన్ని మార్చదు. నాకు మాత్రం బుల్లెట్ కన్నా మామూలు, ప్రశాంతమైన క్లస్టర్లలో వచ్చే ఆ రెండింతల లోటే పెద్ద దెబ్బగా కనిపిస్తుంది. ఒక్క ప్రమాదాన్ని పట్టుకుని వాదించవచ్చు. ప్రతి ఇంట్లోనూ అదే లోటుంటే ఏం చేస్తాం?

ఆ తర్వాతది విశ్వ నేపథ్య వికిరణం, అంటే తొలి విశ్వం నుంచి బయల్దేరి ఇప్పటికీ అన్ని వైపుల నుంచీ వస్తున్న కాంతి. తొలి 3.8 లక్షల ఏళ్ళలో విశ్వం వేడి ద్రవంలా ఉండి, అందులో ధ్వని తరంగాలు పరిగెత్తాయి. గుంటల్లోకి పదార్థం పడడం, కాంతి ఒత్తిడికి మళ్ళీ పైకి తన్నుకు రావడం. ఆ ఊపుల ఎత్తులు మనకు ఆ వికిరణపు గ్రాఫులో శిఖరాలుగా కనిపిస్తాయి. మామూలు పదార్థం ఒక్కటే ఉంటే ఒక్కో శిఖరం ముందుదానికన్నా అణిగిపోతూ పోవాలి. కాంతి ఒత్తిడి తగలని పదార్థం ఏదో గుంటలను కాపాడుతుంటే మూడో శిఖరం నిలబడుతుంది. మెక్‌గా 1999లో డార్క్ మ్యాటర్ లేదనుకుని మొదటి, రెండో శిఖరాల నిష్పత్తిని ముందే చెప్పాడు, అది బాగానే కలిసింది. మూడోది దెబ్బ కొట్టింది. ప్లాంక్ ఉపగ్రహం కొలతల్లో అది రెండోదానికి దాదాపు సమానంగా నిలబడి ఉంది. విశ్వంలో మామూలు పదార్థం 5 శాతం, డార్క్ మ్యాటర్ 27 శాతం అన్న అంకెలు ప్రధానంగా వచ్చేది ఇక్కణ్ణుంచే. గెలాక్సీల తిరుగుడు నుంచి కాదు. మీ ప్రశ్నలోని "కాబట్టి డార్క్ మ్యాటర్ ఉందంటారు" అన్నచోట సవరించుకోవాల్సింది ఇదే. ఈ రోజు రొటేషన్ కర్వ్‌లన్నీ పక్కన పెట్టేసినా డార్క్ మ్యాటర్ అవసరం పోదు.

మిల్‌గ్రోమ్ 1983 సూత్రం న్యూటన్‌కి సవరణ మాత్రమే. కాంతి ఎలా వంగుతుందో, విశ్వం ఎలా పెరుగుతుందో చెప్పాలంటే సాపేక్షతకు తగ్గ రూపం కావాలి. 2004లో జేకబ్ బెకెన్‌స్టైన్ టెవెస్ అనే సిద్ధాంతం కట్టాడు. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు కలిసిపోయినప్పుడు, సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాలు ప్రయాణించి వచ్చిన గురుత్వ తరంగాలూ గామా కిరణాలూ 1.7 సెకన్ల తేడాతో చేరాయి. టెవెస్ మామూలు రూపంలో గురుత్వ తరంగాలు, కాంతి ఒకే వేగంతో రావు. అంత దూరానికి ఆ తేడా సెకన్లలో తేలేది కాదు. ఆ రూపం అక్కడితో సరి. 2021లో కాన్‌స్టాంటినోస్ స్కోర్డిస్, టామ్ జ్లోస్నిక్ ఇంకో రూపం తెచ్చారు. అది గురుత్వ తరంగాల పరీక్ష దాటింది, మూడో శిఖరాన్నీ తెప్పించింది. అద్భుతమైన పనే. కానీ ఎలా తెప్పించిందో చూడండి: అందులో ఒక కొత్త క్షేత్రం ఉంది, తొలి విశ్వంలో అది అచ్చం ఒత్తిడి లేని ధూళిలా ప్రవర్తిస్తుంది. డార్క్ మ్యాటర్‌ని వీధిగుమ్మం నుంచి గెంటేసి దొడ్డిదారిన పిలిచినట్టు లేదూ? ఈ మాటంటే ఆ పక్షంవాళ్ళకు కోపం వస్తుంది. రానీండి.

తాజాగా తగువు నడుస్తున్నది మన ఇంటి దగ్గరే. కొన్ని వేల ఖగోళ ప్రమాణాల దూరంలో, అంటే భూమి-సూర్యుడి దూరానికి అన్ని వేల రెట్ల దూరంలో, ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే జంట నక్షత్రాలు. అక్కడ త్వరణం ఎ-నాట్ దగ్గరికి వస్తుంది, డార్క్ మ్యాటర్ ప్రసక్తి ఉండదు. కాబట్టి మాండ్ నిజమైతే ఇక్కడ దొరికిపోవాలి. గాయా ఉపగ్రహం డేటాతో 2023లో క్యూ-హ్యూన్ ఛే మాండ్ కనిపించిందన్నాడు. ఇంద్రనీల్ బానిక్ బృందం దాదాపు అదే డేటాతో లేదు, న్యూటనే గట్టిగా నెగ్గాడన్నది. విచిత్రమేమంటే బానిక్ అంతకుముందు మాండ్ కోసం పనిచేసినవాడే. తేడా ఎక్కడొస్తోందంటే, సూర్యుడంత నక్షత్రాలు రెండు 5,000 ప్రమాణాల దూరంలో ఉంటే వాటి సాపేక్ష వేగం సెకనుకు 600 మీటర్లే. మాండ్ తెచ్చే పెంపు అందులో 20 శాతం. ఆ జంటలో ఒకదాని పక్కన మనకు కనిపించని మూడో చిన్న నక్షత్రం ఉంటే చాలు, అదే ఆ మాత్రం వేగాన్ని తెచ్చిపెడుతుంది. అలాంటి ముగ్గురి కాపురాలు ఎన్ని ఉన్నాయని ఎవరు ఎలా అంచనా వేశారన్నదాన్ని బట్టి జవాబు మారుతోంది. నేనైతే దీనిమీద ఇప్పుడే పందెం కాయను.

డార్క్ మ్యాటర్ వైపు అప్పులు లేవనుకోవద్దు. అమెరికాలో దక్షిణ డకోటా గనిలో ఎల్‌జడ్, ఇటలీలో గ్రాన్ సాసో కొండ కింద జెనాన్-ఎన్‌టి, టన్నులకొద్దీ ద్రవ జెనాన్ పెట్టుకుని కూర్చున్నాయి, డార్క్ మ్యాటర్ కణం ఇంకా తలుపు తట్టలేదు. దొరకకపోవడం లేదనడానికి రుజువు కాదు. న్యూట్రినోను 1930లో ఊహిస్తే 1956లో దొరికింది. అయినా ఒక మాట. కణం ఏదో, ఎంత బరువో తెలియనప్పుడు ప్రతి విఫలమైన వెతుకులాట తర్వాతా "ఇంకొంచెం తేలికేమో" అని జరిగిపోవచ్చు. మాండ్‌కి ఆ సౌకర్యం లేదు. ఒకే అంకె, అన్ని గెలాక్సీలకూ అదే. 2024లో టోబియాస్ మిస్టెలే బృందం కాంతి వంపు పద్ధతితో చూస్తే గెలాక్సీ మధ్య నుంచి 30 లక్షల కాంతి సంవత్సరాల దాకా ఆ వేగపు గీత చదునుగానే పోతోంది. డార్క్ మ్యాటర్ గోళాలు అంత దూరం వచ్చేసరికి పలచబడి గీత కిందికి వంగాలి.

ఇక "సైంటిస్టులు ఎందుకు ఒప్పుకోరు" అన్నదానికి: మూర్ఖత్వం వల్ల కాదు. ఎవరు ఏ గదిలో కూర్చుంటారో ఆ గది కిటికీలోంచే చూస్తారు. విశ్వ నేపథ్య వికిరణం మీద పనిచేసేవాళ్ళకు మాండ్ పిల్లల ఆటలా కనిపిస్తుంది. నాలాంటి, గెలాక్సీలు కొలిచినవాళ్ళకు డార్క్ మ్యాటర్ లెక్కలు మరీ సాగే రబ్బరులా కనిపిస్తాయి. నా మటుకు నేను క్లస్టర్ల వల్ల, మూడో శిఖరం వల్ల డార్క్ మ్యాటర్ ఉందనే అనుకుంటున్నాను. అది ఏదైనా సరే, గెలాక్సీల్లో మామూలు పదార్థంతో ఇంత పద్ధతిగా ఎందుకు నడుచుకుంటుందో ఇప్పటిదాకా నాకు నచ్చేలా ఎవరూ చెప్పలేదు. కొన్ని కణాలు కలిసి గెలాక్సీల్లో మాండ్‌లా, బయట డార్క్ మ్యాటర్‌లా ప్రవర్తిస్తాయన్న మధ్యేమార్గాలూ ఉన్నాయి. వాటిని ఇంకోసారి చూద్దాం.

ఈలోగా మీరు ఒక పని చేయండి. స్పార్క్ అనే పేరుతో 175 గెలాక్సీల రొటేషన్ కర్వ్‌లు ఎవరైనా దించుకునేలా పెట్టారు. అందులో డీడీఓ 154 ఫైలు తెరవండి. నక్షత్రాలు చాలా తక్కువ, దాదాపు అంతా వాయువే. కాబట్టి నక్షత్రాల బరువు ఎంతనుకోవాలన్న తలనొప్పి ఉండదు. చదును వేగం 47 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. న్యూటన్ ప్రకారం అంచులో ఎంత రావాలో వేయండి, 17 దగ్గర వస్తుంది. అదే 47ని మాండ్ సూత్రంలో పెడితే ద్రవ్యరాశి 30 కోట్ల సూర్యులు వస్తుంది. ఇప్పుడు పట్టికలో హైడ్రోజన్ ద్రవ్యరాశి చూడండి, 27, 28 కోట్ల దగ్గర ఉంటుంది. హీలియం కోసం దాన్ని 1.33తో గుణించండి, నక్షత్రాల కోసం రెండు మూడు కోట్లు కలపండి. 39 కోట్ల దాకా తేలుతుంది. 30కీ 39కీ మధ్య తేడా ఎక్కడిదని గాభరాపడకుండా, వాలు ఎన్ని డిగ్రీలని రాశారో చూసి, దాన్ని నాలుగైదు డిగ్రీలు తగ్గించి లెక్క మళ్ళీ వేయండి.